రెండు ఎర్ర గీతలు

జూన్ 4, మంగళవారం

ప్రియమైన అబ్బాయికి అమ్మ ఆశీస్సులు.

ఈ ఉత్తరం ఇవాళే ఎందుకు రాస్తున్నానంటే, నిన్న సాయంత్రం నీ కూతురు వచ్చి, వాళ్ళమ్మ బ్యాంకు పుస్తకం నా ముందు పెట్టింది. మే నెలకి నువ్వు వేసింది 6,968. ఎప్పుడూ వేసే పన్నెండు వేలు కాదు. జూన్‌కి అసలు ఏమీ లేదు.

"నానమ్మా, ఇదేం అంకె? నాన్న పొరపాటున వేశాడా?" అని అడిగింది.

కాగితం తీసి భాగించాను. మే నెలకి ముప్పై ఒక్క రోజులు. పిల్ల పుట్టినరోజు పంతొమ్మిది. ఆ రోజుకి దానికి పద్దెనిమిదేళ్ళు నిండాయి. దానికి ముందున్న పద్దెనిమిది రోజులకి పన్నెండు వేలలో వాటా ఆరువేల తొమ్మిదివందల అరవై ఏడు, పైన దశాంశం. దశాంశాన్ని పై అంకెకి సర్దావు. ఆ ఉదారత గమనించాను. "పొరపాటు కాదమ్మా, లెక్క సరిగ్గానే ఉంది" అని చెప్పాను. ముప్పై ఆరేళ్ళు బళ్ళో లెక్కలు చెప్పినదాన్ని, సరైన లెక్కని తప్పనలేను. చెప్పాక ఆ పిల్ల మొహంలోకి మాత్రం చూడలేకపోయాను.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. నిన్న రాత్రే మూడుసార్లు చేశాను. "లిఫ్టు గుంతలో ఉన్నానమ్మా, పైకొచ్చి చేస్తా" అన్నావు. తెల్లారింది, ఆ గుంతలోంచి నువ్వింకా పైకి రాలేదు. కాగితమైతే మధ్యలో పెట్టెయ్యలేవు.

నీకు తెలిసి ఉండకపోవచ్చు గనక రాస్తున్నాను. పిల్ల చదువుతున్నది కాళ్ళూ చేతులూ పోయినవాళ్ళకి కృత్రిమ అవయవాలు చేసే కోర్సు. నాలుగేళ్ళది. ఒక ఏడాది అయింది. క్లాసులో రెండో స్థానం. మోచేతుల దాకా అచ్చులు తీసే తెల్లపిండి పూసుకుని వస్తుంది. పోయిన నెల అభ్యాసానికని నా ఎడమ పాదం అచ్చు తీసింది. ఆ అచ్చు నా కిటికీ మీద ఉంది. నా మడమ పగుళ్ళు కూడా లెక్కపెట్టుకోవచ్చు, అంత బాగా వచ్చింది. రెండో ఏడాది ఫీజు తొంభై ఆరు వేలు. గడువు జూలై పదిహేను. ఆ తేదీ దాటితే సీటు పోతుంది, మళ్ళీ ఇవ్వరు. దాన్ని పెంచుతున్న పెద్ద కోడలికి పళ్ళ డాక్టరు దగ్గర కౌంటర్లో వచ్చే జీతం అద్దెకీ తిండికీ సరిపోతుంది. ఫీజుకి సరిపోదు.

జవాబు రాయి. ఒక్క పేజీ చాలు.

ఆశీస్సులతో,
అమ్మ

•

జూన్ 9

ప్రియమైన అమ్మకి నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. ఆఫీసులో కుర్రాళ్ళందరి ముందూ చదువుకున్నా. హెడ్ మాస్టరమ్మ ఉత్తరం రాసిందంటే ఇంకా నాకు చేతులు చల్లబడతాయి.

సూటిగా చెప్తున్నా. కోర్టు కాగితం మీద పద్దెనిమిదేళ్ళు నిండేదాకా అని ఉంది. నూట ముప్పై రెండు నెలలు ఒక్కటి తప్పకుండా వేశా. మా లైనులో విడిపోయిన మొగాళ్ళని అడుగు, ఎంతమంది వేస్తున్నారో. సగం మంది మూడో నెలకే చేతులెత్తేశారు. నేను ఎత్తలేదు. ఆ మాట ఎవరూ అనరేం?

నాకు ఇంకో సంసారం ఉందమ్మా. నాలుగేళ్ళ పిల్లాడున్నాడు. రెండో వ్యాను మీద అప్పుంది. ఇంకోటి, ఆవిడ ఇప్పుడు నీ పెద్ద కోడలు కాదు. కోడలొక్కతే, ఆ మనిషి నా ఇంట్లో ఉంది. నువ్వు పెద్ద, చిన్న అని రాసినప్పుడల్లా ఇక్కడ నేను రెండు రోజులు మాటలు పడాలి.

పిల్ల సంగతి. దానికి ఫోనొచ్చిన రోజు నుంచి నెలకొక మెసేజ్ పెడుతుంది. "పడ్డాయి." అంతే. ఎలా ఉన్నావు నాన్నా లేదు, తమ్ముడెలా ఉన్నాడు లేదు. బ్యాంకువాడు కూడా అంతకంటే పెద్ద మెసేజ్ పెడతాడు. పద్దెనిమిది దాటితే దాని సంతకం అది పెట్టుకోవచ్చు, అప్పు దాని పేరున తెచ్చుకోవచ్చు. పెద్దదైందని అన్నిటికీ చెప్పి డబ్బుల దగ్గరే చిన్నపిల్ల అంటే ఎలా?

నా లిఫ్టుల పనిలో ఒక పద్ధతుంది. మెయింటెనెన్సు కాంట్రాక్టుకి తేదీ ఉంటుంది. తేదీ దాటాక లిఫ్టు అంతస్తుకీ అంతస్తుకీ మధ్య ఆగినా మా బాధ్యత కాదు. అలా ఉంటేనే వ్యాపారం నిలబడుతుంది.

మోకాళ్ళకి పట్టీ వేసుకో. ఈ నెల నీ అయిదు వేలు వేశా.

నీ అబ్బాయి

•

జూన్ 13, గురువారం

ప్రియమైన అబ్బాయికి అమ్మ ఆశీస్సులు.

లిఫ్టు మధ్యలో ఆగింది సరే. లోపల మనిషి ఉంటే ఏం చేస్తారు? "తేదీ దాటిందండీ, మీరు అక్కడే ఉండండి" అంటారా? ఉత్తరంలో ఆ వాక్యం ఎక్కడైనా ఉందేమోనని రెండుసార్లు చదివాను. లేదు.

"పడ్డాయి" అన్న మాట ఆ పిల్ల ఎక్కడ నేర్చుకుందో చెబుతాను. ప్రతి నెలా ఒకటో తారీఖున నువ్వు పెట్టే మెసేజ్ "వేశాను". ప్రశ్నకి తగ్గ జవాబు. పైగా పదకొండేళ్ళ కిందట పన్నెండు వేలు, మొన్న ఏప్రిల్లోనూ పన్నెండు వేలే. ఈలోగా నీ కాంట్రాక్టు రేటు ఏటా పది శాతం పెంచావని నువ్వే నాతో గొప్పగా చెప్పావు.

ఇక అసలు సంగతి. పద్దెనిమిది నిండితే తల్లిదండ్రుల పని అయిపోతుందన్నావు. నా బీరువాలో ఖాకీ అట్ట ఖర్చు పుస్తకం ఉంది. నీకు పద్దెనిమిది నిండిన రోజు నుంచి నువ్వు మొదటి కాంట్రాక్టు తెచ్చుకున్న రోజు దాకా తొంభై ఎనిమిది నెలలు. అంటే నీకు ఇరవై ఆరేళ్ళ రెండు నెలలు వచ్చేదాకా. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

నాలుగేళ్ళ కాలేజీ ఫీజు 38,000. హాస్టలు, తిండి, నెలకి 1,200 చొప్పున నలభై ఎనిమిది నెలలకి 57,600. మూడో ఏడాది తప్పిన రెండు పేపర్లు మళ్ళీ రాసినందుకు 940. పాత మోటారు సైకిలు 14,500. దాని మరమ్మతులు 3,215. పనిముట్ల పెట్టె 6,875. ఉద్యోగం లేకుండా ఇంట్లో ఉన్న యాభై నెలలకి తిండీ బట్టలూ, నెలకి 800 చొప్పున 40,000. పన్ను పీకించినందుకు 350.

మొత్తం 1,61,480. ఆనాటి డబ్బు. వడ్డీ వెయ్యలేదు. తల్లినని కాదు, ఏ రేటు వెయ్యాలో తేలలేదు. నీ ఆఫీసు గది ఇందులో కలపలేదు. అది నా భవిష్యనిధి డబ్బుతో కొన్నది, ఇంకా నా పేరునే ఉంది.

నిన్ను పద్దెనిమిదో ఏట గుమ్మం బయట నిలబెట్టి ఉంటే ఈపాటికి ఎవరి వ్యాను నడుపుతూ ఉండేవాడివో ఆలోచించుకో. ఆ పిల్లకి ఇంకా మూడేళ్ళు. నీకు మేమిచ్చినదానిలో సగం కాలం కూడా కాదు.

ఫీజు గడువు జూలై పదిహేను. ఇంకా ముప్పై రెండు రోజులుంది.

ఆశీస్సులతో,
అమ్మ

•

జూన్ 20

అమ్మా,

ప్రియమైన అని మొదలుపెట్టి రెండు కాగితాలు చింపేశా. అందుకని వట్టి అమ్మా.

నీ బిల్లు అందింది. పన్ను పీకించిన మూడొందల యాభై కూడా రాశావు. ఆ పన్ను దాచి ఉంచావా, దానికి కూడా రశీదుందా?

బాగానే రాశావు. కానీ నువ్వు పంపింది ఖర్చు వైపు కాగితం. జమ వైపు కాగితం ఏదమ్మా? బళ్ళో ఏ పిల్లాడైనా ఒక వైపే రాసుకొస్తే చెవి మెలేసేదానివి. ఆ తొంభై ఎనిమిది నెలలు నా ఫీజుకి డబ్బెక్కడి నుంచి వచ్చింది? నాన్న అప్పటికి జబ్బుతో సగం జీతం మనిషి. నీ జీతం ఇల్లు నడపడానికే చాలేది కాదు. ప్రతి నెలా ఒకటో తారీఖున అక్క మందుల షాపు నుంచి వచ్చి కవరు నీ చేతిలో పెట్టేది. అందులోంచి బస్సు డబ్బులు తీసి దాని చేతికిచ్చేదానివి. నేను చూడలేదనుకున్నావా?

ఇంకోటి కూడా గుర్తుంది. నాకు పదిహేనేళ్ళు. అక్కకి ఆ వారమే పద్దెనిమిది నిండాయి. మందుల కోర్సులో సీటొచ్చిందని కాగితం వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం నువ్వు పచ్చ అట్ట పుస్తకం తెరిచి నన్ను పిలిచావు. "నీ గీతలు తిన్నగా వస్తాయిరా, ఇలా రా" అన్నావు. అక్క పేజీ తీసి, చదువు లెక్క కింద, పద్దు మూసేసినట్టు రెండు ఎర్ర గీతలు కొట్టమన్నావు. "మధ్యలో ఒక నూలు సందు ఉండాలి" అన్నావు. కొట్టా. అక్క తలుపుకి ఆనుకుని సీటు కాగితం పట్టుకుని నిలబడి ఉంది. "ఏడాది పని చెయ్యవే, మీ నాన్న కోలుకున్నాక చేరుదువుగాని" అన్నావు. అక్క ఏడవలేదు. "వాడి గీత బాగుందమ్మా" అంది.

ముప్పై రెండేళ్ళయింది. అక్క ఇంకా అదే కౌంటర్లో ఉంది. గోడ మీద లైసెన్సు ఓనరుగారిది. మందులిచ్చే చెయ్యి అక్కది.

పద్దెనిమిది నిండితే గీత కొట్టెయ్యాలని నేను కోర్టులో నేర్చుకోలేదు. మనింట్లో నేర్చుకున్నా. గీత కొట్టింది కూడా నేనే. మరి నీ కూతురికొక లెక్కా, నా కూతురికొక లెక్కా? నేను మాత్రం అందరికీ ఒకటే లెక్క వేశా. కోపమొస్తే రానీ.

నీ అబ్బాయి

•

జూన్ 24

అబ్బాయికి,

ఉత్తరం అందింది. పచ్చ అట్ట పుస్తకం, జమ పుస్తకం అటక మీద ఉన్నాయి. దింపించి చూశాక రాస్తాను. చూడకుండా ఏదీ ఒప్పుకోను, ఏదీ కాదనను.

అమ్మ

•

జూలై 8, సోమవారం

ప్రియమైన అబ్బాయికి అమ్మ ఆశీస్సులు.

ఈ ఉత్తరం ఇవాళ రాయడానికి రెండు కారణాలు. పుస్తకాలు చూడడం నిన్నటితో పూర్తయింది. ఫీజు గడువుకి ఏడు రోజులే ఉంది.

పచ్చ పుస్తకంలో నలభై ఒకటో పేజీ. గీతలు ఉన్నాయి. తిన్నగా ఉన్నాయి. మధ్య నూలు సందు ఉంది. నువ్వు రాసినదానిలో ఒక్క అక్షరం తప్పు లేదు. నాకు ఆ పేజీ గుర్తుంది, గీత ఎవరు కొట్టారో గుర్తులేదు. నేనే కొట్టాననుకున్నాను. పదిహేనేళ్ళ పిల్లాడిచేత వాడి అక్క చదువు మూయించానన్న సంగతి నా మనసు ఎప్పుడో చెరిపేసుకుంది. కాగితం చెరుపుకోలేదు.

తర్వాత జమ పుస్తకం తీశాను. ఆ తొంభై ఎనిమిది నెలల్లో 'పె' అని రాసిన ప్రతి పద్దూ కూడాను. పె అంటే పెద్దది. పేరు కూడా పూర్తిగా రాయలేదు. మొత్తం 1,02,300. రెండుసార్లు కూడాను, రెండుసార్లూ అంతే వచ్చింది. నీకు ఖర్చయిన 1,61,480 లోంచి అది తీసేస్తే 59,180. నీ మీద మీ నాన్నా నేనూ పెట్టింది అంతే. మిగతాది మీ అక్క పెట్టింది. ఇంకొకరి డబ్బుకి నా పేరున బిల్లు రాసి నీకు పంపాను. బళ్ళో అయితే సున్నా వేసేదాన్ని.

శనివారం రెండు పుస్తకాలూ సంచిలో వేసుకుని మందుల షాపుకి వెళ్ళాను. ఆటోవాడు "ఇంత బరువేంటి మామ్మగారూ?" అన్నాడు. పాత లెక్కలన్నాను.

కౌంటరు ముందు ఆరుగురున్నారు. వాళ్ళని దాటుకుని వెళ్ళి "నీతో మాట్లాడాలి" అన్నాను. మీ అక్క తలెత్తకుండా చీటీ చదువుతూ, "అమ్మా, కాస్త పక్కకి జరుగు. జ్వరం పిల్లాణ్ణి ఎత్తుకుని నిలబడ్డారు వాళ్ళు" అంది. తొందరగా వెళ్ళాలన్నాను. అప్పుడు తలెత్తింది. "ముప్పై రెండేళ్ళు ఆగి వచ్చావు, అయిదు నిమిషాలు ఆగలేవా?" అంది. నేనెందుకొచ్చానో ఇంకా చెప్పనేలేదు. సంచిలోంచి పచ్చ అట్ట కనపడుతోందని తర్వాత తెలిసింది.

పక్కకి జరిగాను. జరిగితే, కౌంటరు వెనకాల స్టూలు మీద నీ కూతురు కూర్చుని ఉంది. ఒళ్ళో అట్టపెట్టె, చేతిలో పెన్ను. దగ్గు మందు సీసాలు లెక్కపెట్టి రాసుకుంటోంది.

"నీకు క్లాసు లేదూ?" అన్నాను.

"ఫీజు కట్టందే రెండో ఏడాది క్లాసులోకి రానివ్వరుగా నానమ్మా. అత్త దగ్గర పని చేసి, డబ్బు పోగేసుకుని మళ్ళీ పరీక్ష రాసి చేరతా. ఏడాదే కదా."

ఏడాదే. ఆ మాట నాది. నా గొంతుతోనే నాకు వినపడింది.

మీ అక్క చిల్లర ఇస్తూ అంది: "నేను పిలవలేదమ్మా. మొన్న వచ్చి నిలబడింది. 'స్టూలు ఖాళీగా ఉందా అత్తా' అంది. ఎంత చెప్పినా కదలదు. ఈ స్టూలు సంగతి నాకు తెలుసు. దీని మీద ఒకసారి కూర్చుంటే లేవరు. మోకాళ్ళ నొప్పులకి లేచినా మళ్ళీ ఇక్కడికే వస్తారు."

"పో అత్తా, నువ్వు మరీను" అని పిల్ల నవ్వింది. మీ అక్క నవ్వలేదు.

జనం తగ్గాక పుస్తకాలు కౌంటరు మీద పెట్టి అంకె చూపించాను. లక్షా రెండు వేల మూడువందలు. నా డిపాజిట్టు తెంచి ఇస్తానన్నాను. మీ అక్క పేజీలు తిప్పింది. "అబ్బో, సైకిలు టైరు కూడా రాశావే! ఆ టైరు నాకే కదూ?" అంది. నలభై ఒకటో పేజీ దగ్గర ఆగింది. ఆ గీతల మీద వేలు పెట్టి చివరిదాకా లాగింది.

"నాకివ్వకమ్మా" అంది. "ఇస్తే నువ్వు హాయిగా దాని కింద కూడా గీత కొట్టేసుకుంటావు. వద్దు. నాకు బాకీ ఉన్నావని నీకు గుర్తుండాలి. నువ్వున్నన్నాళ్ళూ ఉండాలి."

తప్పయిందే అన్నాను. "అవును, అయింది" అంది. అంతే. ఫరవాలేదులే అనలేదు. అంటుందేమోనని కాసేపు నిలబడ్డాను. ఎవరో తలనొప్పి మాత్రలు అడిగారు, అటు తిరిగింది. పుస్తకాలు తన దగ్గరే ఉంచేసుకుంది. నాకు బస్సు డబ్బులు ఇచ్చి పంపింది. నేను దానికి ఇచ్చేదాన్నే, సరిగ్గా అలాగే, అరచేతిలో పెట్టి వేళ్ళు మూసి.

నీ ప్రశ్నకి జవాబు ఇది. నీ కూతురికొక లెక్కా, నా కూతురికొక లెక్కా అని అడిగావు. కాదు. ఇద్దరికీ ఒకే లెక్క, ఇద్దరి దగ్గరా తప్పే. నేను చేసిన తప్పుని నువ్వు తూచా తప్పకుండా చేసి చూపించావు. నేను నేర్పిన పాఠాల్లో నీకు బాగా ఒంటబట్టింది ఇదొక్కటే. ఒక తేడా ఉంది. నాకు ఆ ఏడు ఇంట్లో డబ్బు లేదు. నీకు రెండు వ్యాన్లున్నాయి. నాది పొరపాటు అనుకుని ఒకళ్ళిద్దరు క్షమించవచ్చు. నువ్వు ఆ గీతని చేత్తో కొట్టావు, అక్క మొహం చూశావు, ముప్పై రెండేళ్ళు గుర్తుపెట్టుకున్నావు. గుర్తుండీ మళ్ళీ కొట్టావు.

నాతో పోట్లాటకి ఆ జ్ఞాపకం దాచుకున్నావు గానీ, కూతురికోసం వాడలేదు. అది నాకు నలభై ఒకటో పేజీ కంటే బరువుగా ఉంది.

ఇట్లు,
అమ్మ

ఇక జరగవలసినవి:

1. నీ ఆఫీసు గదికి ఈ నెల నుంచి అద్దె ఉంటుంది. నెలకి ఎనిమిది వేలు. ఏడాదిది ముందుగా కట్టాలి. అది తొంభై ఆరు వేలు అవుతుంది. నాకు కాదు, పదిహేనో తారీఖు లోగా పిల్ల కాలేజీకి నేరుగా కట్టు.

2. రశీదు నాకు పంపు. "పడ్డాయి" అని ఈసారి నేను రాస్తాను. పిల్ల రాయదు.

3. ఈ కాంట్రాక్టుకి తేదీ లేదు. దాని కోర్సు పూర్తయిన రోజున పూర్తవుతుంది. రెండు పేపర్లు తప్పితే మళ్ళీ రాసే దాకా. నీకా అవకాశం ఇచ్చాం, పుస్తకంలో ఉంది.

4. కట్టకపోతే పదహారో తారీఖున గది తాళం నాకు చేరాలి. పక్కన కళ్ళజోళ్ళ షాపాయన ఏడాది బట్టీ అడుగుతున్నాడు. పదిహేను మధ్యాహ్నం దాకా నీ రశీదు రాకపోతే, ఆయన ముందుగా ఇచ్చే అడ్వాన్సుతో ఆ రోజే ఫీజు నేను కడతాను. ఎలాగైనా పదహారు ఉదయానికి ఆ పిల్ల స్టూలు మీద ఉండకూడదు.

5. మీ అక్క దగ్గరికి వెళ్ళు. డబ్బు తీసుకెళ్ళకు. కాస్త పక్కకి జరగమంటుంది. జరుగు. ఎంతసేపు నిలబెడితే అంతసేపు నిలబడు.

6. నాకు నెలనెలా వేసే అయిదు వేలు ఇక వెయ్యకు. నా పింఛను నాకు చాలు.

7. ఖాకీ పుస్తకంలో నీ పేజీ కింద ఇన్నేళ్ళలో గీత కొట్టలేదు. ఎర్ర సిరా, స్కేలు బల్ల మీద తీసి పెట్టాను. పదహారో తారీఖు దాకా ఆగుతాను. కొట్టవలసి వస్తే ఈసారి ఎవరినీ పిలవను, వంకరగా వచ్చినా నా చేత్తోనే కొడతాను.